పాత డెస్క్‌టాప్ వేడెక్కి ఆగిపోతోందా? వేడి ఎక్కడ చిక్కుకుందో కనిపెట్టి సరిచేసే పద్ధతి

ఏప్రిల్ దాటిందంటే పాత డెస్క్‌టాప్‌ల గురించి ఒకటే ఫిర్యాదు. పొద్దున బాగానే పనిచేస్తుంది. మధ్యాహ్నం రెండింటికల్లా ఫ్యాన్ హోరెత్తుతుంది, ఒక ఫైలు తెరవడానికే నిమిషాలు పడుతుంది, చివరికి చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది. వెంటనే ఆన్ చేస్తే రెండు నిమిషాల్లో మళ్లీ ఆగుతుంది. గంటసేపు వదిలేస్తే మామూలుగా నడుస్తుంది. ఇక దీని పని అయిపోయిందని చాలామంది పాత సామాన్ల వాడికి వేసేస్తారు, లేదా ఎవరో చెప్పారని రెండు మూడు ఫ్యాన్లు కొనితెచ్చి బిగిస్తారు. రెండూ తొందరపాటే. వేడి ఎక్కడ చిక్కుకుపోయిందో ముందు తెలుసుకుంటే, ఎక్కువ సందర్భాల్లో ఒక బ్రష్షూ చిన్న పేస్టు ట్యూబూ సరిపోతాయి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఇళ్లల్లో, జిరాక్స్ షాపుల్లో, ఫొటో స్టూడియోల్లో, బడుల్లో ఇప్పటికీ నడుస్తున్న యంత్రాల గురించి: జీ31, జీ41 మదర్‌బోర్డుల మీద కోర్ 2 డుయో లేదా డ్యూయల్ కోర్ ప్రాసెసర్ ఉన్నవి, హెచ్61 లాంటి బోర్డుల మీద రెండో, మూడో తరం ఐ3, ఐ5 ఉన్నవి. ఏఎండీ వాళ్లకు అవసరమైన ఒక హెచ్చరిక మధ్యలో విడిగా ఇచ్చాను.

వేడి నడిచే దారి

కోర్ 2 డుయో ఈ8400 ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన అంకె 65 వాట్లు. అందులోని సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు 107 చదరపు మిల్లీమీటర్లు. వెలుగుతున్న పాత 60 వాట్ల బల్బు వేడి అంతా బొటనవేలి గోరంత చోట పుట్టినట్టు అనుకోండి. ఆ వేడి నాలుగు అంచెలు దాటితేగానీ బయటపడదు. మొదట ప్రాసెసర్ మూత నుంచి, మధ్యలో రాసిన పేస్టు గుండా, దాని మీద కూర్చున్న లోహపు రేకుల దిమ్మెకు, అంటే హీట్ సింక్‌కు ఎక్కాలి. తర్వాత హీట్ సింక్ రేకుల నుంచి డబ్బాలోని (క్యాబినెట్‌లోని) గాలికి, ఆ గాలితో పాటు డబ్బాలోంచి గదిలోకి, గదిలోంచి ఆరుబయటికి. ఏ ఒక్క అంచె దగ్గర అడ్డుపడినా తెర ముందు కూర్చున్నవాళ్లకు కనిపించే లక్షణం ఒకటే: యంత్రం నెమ్మదించడం, ఆగిపోవడం. అందుకే లక్షణం చూసి వస్తువు కొనకూడదు. ఎక్కడ అడ్డుపడిందో చూసి కొనాలి.

ముందు ఇది వేడి సమస్యేనా?

ప్రాసెసర్‌లో రెండు రక్షణలు ఉంటాయి. ఉష్ణోగ్రత హద్దుకు చేరగానే అది తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం పూట వచ్చే మందకొడితనానికి ఇదొక పెద్ద కారణం. అప్పటికీ వేడి పెరుగుతూనే ఉంటే బోర్డు కరెంటు మొత్తం ఆపేస్తుంది. షట్‌డౌన్ అవుతున్నట్టు తెర మీద ఏమీ రాదు, స్విచ్ తీసేసినట్టే ఆరిపోతుంది.

ఆరిపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. ఆరిపోకుండా దానంతటదే రీస్టార్ట్ అవుతూ ఉంటే పవర్ సప్లైనో ర్యామ్‌నో అనుమానించండి. పొద్దున చల్లటి వేళలో కూడా అలాగే జరుగుతుంటే వేడికి సంబంధం లేకపోవచ్చు. నీలం తెర వస్తే ముందు ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచులను తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం, ఇంట్లో కరెంటు పోయినా అదే పడుతుంది. ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని చూపించి ఎఫ్1 నొక్కమంటుంటే మాత్రం నొక్కి ముందుకు పోకండి. ఫ్యాన్ తిరగడం లేదని బోర్డే మీకు చెబుతోంది.

అంకెలు రాసుకోండి

ఊహ మీద పని మొదలుపెట్టొద్దు. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో లేదా కోర్ టెంప్ వేసుకోండి. రెండూ ఉచితంగానే దొరుకుతాయి. లినక్స్ అయితే ఎల్ఎమ్-సెన్సర్స్ ప్యాకేజీ చాలు. గది ఉష్ణోగ్రత కొలవడానికి గోడకు తగిలించే మామూలు థర్మామీటర్ ఒకటి కావాలి. అదెందుకని అనుకోకండి, అది లేకపోతే మిగతా అంకెలకు అర్థం ఉండదు. గది ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసరూ దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. డిసెంబరులో 65 చూపించిన యంత్రం రోహిణి కార్తెలో 80 దాటిందంటే అది చెడిపోయినట్టు కాదు, గది 15 డిగ్రీలు పెరిగిందంతే.

ఒక కాగితం తీసుకుని ఈ వరుసలో రాయండి. గది ఉష్ణోగ్రత. ఏ పనీ లేకుండా పది నిమిషాలు వదిలేశాక ప్రాసెసర్ ఉష్ణోగ్రత. తర్వాత ఫైళ్లను కుదించే 7-జిప్ ప్రోగ్రాము తెరిచి, ప్రాసెసర్‌కు బాగా పని పెట్టే అందులోని బెంచ్‌మార్క్ పరీక్ష నడిపి, పదిహేను నిమిషాల తర్వాత ఎంత చూపిస్తుందో. ఈ పరీక్ష కోసం పెద్ద పెద్ద స్ట్రెస్ ప్రోగ్రాములు అక్కర్లేదు. ఇప్పటికే అవస్థ పడుతున్న పాత యంత్రాన్ని వాటితో పరీక్షించడం మంచిదీ కాదు. మధ్యలో 95 దాటితే ఆపేయండి, మీకు కావలసింది తెలిసిపోయింది.

అంకెల గురించి రెండు మాటలు. ప్రాసెసర్ వివరాల్లో ఈ8400కు 72.4 డిగ్రీలు, ఐ5-2400కు 72.6 డిగ్రీలు అని చూసి చాలామంది హడలిపోతారు. అది ప్రాసెసర్ పైమూత మధ్యలో ఉండాల్సిన ఉష్ణోగ్రత. మీ సాఫ్ట్‌వేర్ చూపించేది లోపల కోర్ ఉష్ణోగ్రత, దానికి హద్దు ఈ తరం చిప్పుల్లో 100 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. రెండో మాట: కోర్ 2 కాలం సెన్సర్లు హద్దుకు దగ్గరైనప్పుడు బాగానే చెబుతాయి, చల్లగా ఉన్నప్పుడు కొన్ని ఒకే అంకె దగ్గర ఇరుక్కుపోతాయి. పని లేనప్పుడు 42 చూపించిందా 46 చూపించిందా అని తలబద్దలు కొట్టుకోవద్దు. బయాస్‌లో, అంటే విండోస్ మొదలవ్వక ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, పీసీ హెల్త్ పేజీ చూపే అంకె కూడా విండోస్‌లో కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. బయాస్‌లో ఉన్నంతసేపూ ప్రాసెసర్ విశ్రాంతి స్థితిలోకి వెళ్లదు మరి.

నా లెక్కలో, 35 డిగ్రీల గదిలో పని భారం కింద 75 వరకూ ఉంటే ఆ యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టే. 80 నుంచి 90 మధ్య ఉంటే ఈ ఆదివారం మూత తీయాలి. 90 దాటుతుంటే అది సరయ్యేదాకా ఆ యంత్రం మీద ముఖ్యమైన పని పెట్టుకోవద్దు.

అడ్డు ఎక్కడుందో చెప్పే మూడు పరీక్షలు

అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చే భాగం ఇదే, హడావుడి లేకుండా చేయండి.

మొదటిది, ఉష్ణోగ్రత ఎంత వేగంగా ఎక్కుతోందో చూడటం. బెంచ్‌మార్క్ మొదలుపెట్టిన కొన్ని సెకన్లలోనే 50 నుంచి 85కు ఎగబాకిందంటే వేడి హీట్ సింక్‌కు చేరనే లేదు. పేస్టు ఎండిపోయింది, లేదా కూలర్ (హీట్ సింక్, దాని ఫ్యాన్ కలిసిన భాగం) పిన్ను ఊడి ఒక పక్కకు లేచింది. అలా కాకుండా పది పదిహేను నిమిషాల పాటు నిదానంగా ఎక్కుతూ పోతే, హీట్ సింక్ వేడిని తీసుకుంటోంది కానీ గాలి దాన్ని మోసుకుపోవడం లేదు.

రెండోది, పక్క ప్యానెల్ తీసేసి అదే బెంచ్‌మార్క్ మళ్లీ నడపడం. అయిదు డిగ్రీలకు మించి తగ్గిందంటే డబ్బాలో గాలి తిరగడం లేదు, మూడో అంచె అడ్డం. తేడా ఒకటి రెండు డిగ్రీలే అయితే ఎన్ని క్యాబినెట్ ఫ్యాన్లు కొన్నా దండగ. తప్పు కూలర్ దగ్గర ఉంది.

మూడోది చేత్తో చేసేది. ప్రోగ్రాము 90 చూపిస్తున్నప్పుడు కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, వెంటనే హీట్ సింక్ అంచును వేలితో తాకండి. లోపల అంత మంట ఉండి బయట రేకులు గోరువెచ్చగా ఉన్నాయంటే పేస్టు దగ్గరే వేడి ఆగిపోయింది. వేలు పెట్టలేనంత కాలుతుంటే పేస్టు బాగానే పనిచేస్తోంది, దుమ్మో ఫ్యానో కారణం.

ఈ మూడూ అయ్యాక కింది భాగాల్లో మీకు పనికొచ్చేవే చేయండి. దుమ్ము దులపడం మాత్రం అందరికీ తప్పదు.

డబ్బా ఎక్కడుంది?

మన ఇళ్లలో చాలావాటిలో నేరం కంప్యూటర్ టేబుల్‌దే. సీపీయూ పెట్టుకోవడానికని కింద ఒక అర ఇస్తారు. దానికి వెనక ప్లైవుడ్ ముక్క, కొన్నిటికి ముందు తలుపు కూడా. డబ్బా వెనక నుంచి వచ్చిన వేడి గాలి ఆ ప్లైవుడ్‌కు తగిలి పక్కసందుల్లోంచి మళ్లీ ముందుకే వస్తుంది, అదే గాలిని డబ్బా మళ్లీ పీల్చుకుంటుంది. వెనక ముక్క ఊడదీయండి, లేదా డబ్బాను బయటికి తీసి పెట్టండి. వెనక గోడకు కనీసం జానెడు దూరం ఉండాలి. దుమ్ము పడకుండా కుట్టించిన గుడ్డ కవరు యంత్రం నడుస్తున్నప్పుడు ఒక్క నిమిషం కూడా ఉండకూడదు.

నేల మీద పెట్టొద్దు. ఊడ్చిన దుమ్మూ తుడిచిన తడీ తిన్నగా లోపలికి పోతాయి. రెండు చెక్క ముక్కలో చిన్న స్టూలో చాలు. జిరాక్స్ షాపుల్లో మిషన్ వేడి గాలి వదిలే వైపు డబ్బా పెట్టడం తరచూ చూస్తుంటాం. ఆ గాలిలో వేడితో పాటు టోనరు పొడి కూడా ఉంటుంది. డబ్బాను రెండో వైపుకు మార్చండి.

రేకుల కప్పు ఉన్న గదులు, పై అంతస్తులో స్లాబు కింద గదులు వేరే సంగతి. స్లాబు పగలంతా ఎండను తాగి సాయంత్రం లోపలికి వదులుతుంది కాబట్టి ఆ గదుల్లో సాయంత్రం ఆరేడు గంటలప్పుడు కూడా వేడి తగ్గదు. భారమైన పని, అంటే వీడియో ఎడిటింగ్, ఆల్బమ్ డిజైన్ లాంటివి, ఎండాకాలం తెల్లవారుజామున పెట్టుకోవడమే మేలు. ఎయిర్ కూలర్ ఉంటే గదిని చల్లబరచనివ్వండి. దాని తడిగాలి నేరుగా డబ్బా మీదికి మాత్రం తిప్పకండి. కూలర్ నీటి తుంపర ఆరిపోయాక అందులోని ఉప్పు బోర్డు మీద మిగిలిపోతుంది.

దుమ్ము దులపడం

ప్లగ్గు గోడ నుంచి తీసేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. తీశాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. తీగలు ఎక్కడివక్కడ ఉన్నట్టు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. డబ్బాను ఆరుబయటికో బాల్కనీలోకో తీసుకెళ్లండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. లోపల చెయ్యి పెట్టే ముందు డబ్బా ఇనుప చట్రాన్ని ఒకసారి ముట్టుకుంటే ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది.

పని ఎప్పుడూ బ్రష్‌తో మొదలుపెట్టాలి. కొత్త పెయింటు బ్రష్, అంగుళంది, మెత్తటిది. వదులైన దుమ్మును రాల్చాక బ్లోయర్. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే చేతి బ్లోయర్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. వాడేటప్పుడు ఒక్క నియమం: ప్రతి ఫ్యాన్ రెక్కను వేలితో గానీ పుల్లతో గానీ ఆపి పట్టుకోండి. గాలి జోరుకు ఫ్యాన్ దాని మామూలు వేగం కంటే ఎన్నో రెట్లు తిరిగి బేరింగ్ పాడవుతుంది. తిరిగే మోటారు కరెంటు పుట్టించి బోర్డులోకి పంపే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డు మీద ఆడించకండి, దాని ప్లాస్టిక్ మూతి దగ్గర స్థిర విద్యుత్తు పుడుతుంది.

అసలైన దుమ్ము పైనుంచి కనపడదు. ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య, ఫ్యాన్ కిందనే, కంబళి ముక్కలా పేరుకుని ఉంటుంది. పైనుంచి బ్లోయర్ కొడితే అది రేకుల సందుల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. రేకుల పక్కల నుంచి కొట్టి పైకి లేపండి. వంటింటి పక్క గదిలో ఉన్న యంత్రమైతే తాలింపు నూనె ఆవిరి పట్టి దుమ్ము జిడ్డుగా అంటుకుని ఉంటుంది, అది గాలికి లేవదు. సముద్రం దగ్గరి ఊళ్లలో తేమకు అలాగే అతుక్కుపోతుంది. అప్పుడు కూలర్‌ను పూర్తిగా విప్పి, ఫ్యాన్‌ను వేరుచేసి, ఒట్టి లోహపు హీట్ సింక్‌ను సబ్బు నీళ్లతో కడిగి, చుక్క తడి లేకుండా ఆరబెట్టి పెట్టుకోవచ్చు. ఎలాగూ విప్పారు కాబట్టి పేస్టు కొత్తగా వేయాలి.

ముందు వైపు ప్లాస్టిక్ ముఖాన్ని కూడా ఊడదీయండి. లోపలికి గాలి వచ్చే దారి అదే, దాన్ని ఎవరూ శుభ్రం చేయరు. సాలీడు గూళ్లు, బల్లి గుడ్లు, చీమల పుట్టలు అక్కడే దొరుకుతాయి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని చిన్న ఫ్యాన్ కింద కూడా ఇదే కథ.

ఫ్యాన్ల సంగతి

వేలితో తిప్పి వదిలితే మంచి ఫ్యాన్ కొన్ని చుట్లు తేలిగ్గా తిరిగి నెమ్మదిగా ఆగుతుంది. వెంటనే ఆగిపోయినా, పక్కకు ఊగినా, గరగరమన్నా బేరింగ్ అరిగింది. మధ్యలోని స్టిక్కరు లేపి ఒక చుక్క కుట్టు మిషన్ నూనె వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. కొబ్బరినూనె వేయకండి, చలికాలం గడ్డకడుతుంది, తర్వాత జిగురుగా మారి ఫ్యాన్‌ను పట్టేస్తుంది. నూనె తాత్కాలికమే. ఈ ఎండాకాలం గట్టెక్కాలంటే కొత్త ఫ్యాన్ వేయండి.

కొనేముందు రెండు కొలతలు చూసుకోండి: ఫ్యాన్ చట్రం ఎన్ని మిల్లీమీటర్లు (80, 92, 120), తీగ చివర ఎన్ని పిన్నులు (3, 4). నాలుగు పిన్నుల ఫ్యాన్ వేగాన్ని బోర్డు అవసరాన్ని బట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది. బోర్డు బయాస్‌లో స్మార్ట్ ఫ్యాన్ కంట్రోల్ అని ఉంటే ఎండాకాలం మూడు నెలలూ దాన్ని ఆపేసి ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిరగనివ్వండి. చప్పుడు పెరుగుతుంది, కానీ పది పదిహేనేళ్ల యంత్రానికి అది మంచి బేరం.

కూలర్ విప్పడం, పేస్టు మార్చడం

రాగి, అల్యూమినియం వేడిని గాలికంటే కొన్ని వేల రెట్లు బాగా మోస్తాయి. ప్రాసెసర్ మూతా కూలర్ అడుగూ చూడటానికి నున్నగా ఉన్నా వాటి మధ్య కంటికి కనపడని గుంటలు ఉంటాయి, వాటిలో గాలి ఉంటుంది. ఆ గాలిని తోసేసి చోటు నింపడమే పేస్టు పని. ఏళ్ల తరబడి వేడికి అది ఎండి, సున్నంలా పొడిబారుతుంది. పేస్టు మందంగా ఉంటే మంచిదనుకోవడం పొరపాటు. లోహానికి లోహం ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు.

ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు అట్టపెట్టెలో వచ్చే గుండ్రటి కూలర్‌కు నాలుగు మూలలా నల్లటి ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. ముందు ఫ్యాన్ తీగను బోర్డు నుంచి తీయండి. ప్రతి పిన్ను తల మీదా బాణం గుర్తు ఉంటుంది. బాణం చూపే వైపు, అంటే గడియారానికి ఎదురు దిశలో, పావు చుట్టు తిప్పి పైకి లాగండి. నాలుగూ అయ్యాక కూలర్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి లేపండి.

ఏఎండీ ఏఎమ్2, ఏఎమ్3 యంత్రాలున్నవాళ్లు ఇక్కడ ఆగి చదవండి. ఆ ప్రాసెసర్లకు పిన్నులు అడుగున ఉంటాయి. ఎండిన పేస్టు జిగురులా పట్టేసి, కూలర్‌ను నిలువుగా లాగితే లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ దానితో పాటే ఊడి వస్తుంది, పిన్నులు వంగిపోతాయి. విప్పే ముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి. ఆపి, ప్లగ్గు తీసి, పేస్టు మెత్తబడి ఉండగానే కూలర్‌ను కొద్దికొద్దిగా కుడి ఎడమలకు తిప్పుతూ పట్టు వదిలించి, తర్వాతే పైకి లేపండి.

ఇంటెల్‌లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి కాబట్టి ప్రాసెసర్‌ను దాని చోటి నుంచి తీయనక్కర్లేదు, తీయొద్దు కూడా. ఉన్నచోటే మూతను తుడవండి. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని పాత కాటన్ గుడ్డ చాలు. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ వద్దు, అందులోని గ్లిజరిన్ పొరగా మిగులుతుంది. బ్లేడుతో గీకకండి. కూలర్ అడుగు అద్దంలా మెరిసేదాకా తుడిచి, ఆరనిచ్చి, ఆ తర్వాత వేలు తగలనివ్వకండి.

మూత నడిమధ్యన కందిగింజంత పేస్టు పెట్టండి. వేలితో పులమొద్దు, కూలర్ బరువుకూ పిన్నుల బిగింపుకూ అదే పరుచుకుంటుంది. ఆర్కిటిక్ ఎమ్ఎక్స్-4 లాంటిది ఒక చిన్న ట్యూబు కొంటే చాలా యంత్రాలకు వస్తుంది. టీవీ రిపేరు షాపుల్లో ట్రాన్సిస్టర్లకు రాసే తెల్లటి హీట్ సింక్ కాంపౌండ్ కూడా పనిచేస్తుంది కానీ త్వరగా ఎండుతుంది. టూత్‌పేస్టు గురించి విన్నవి నమ్మకండి. అందులోని నీరు ఆవిరయ్యాక మిగిలేది సుద్దపొడే.

తిరిగి బిగించేటప్పుడే ఎక్కువమంది దెబ్బతింటారు. ముందు నాలుగు పిన్నుల తలలనూ మొదటి స్థానానికి తిప్పి పైకి లాగి ఉంచండి. నాలుగు కాళ్లూ బోర్డు రంధ్రాల్లో కూర్చున్నాయో లేదో చూసి, ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు పిన్నులను ఒకేసారి, క్లిక్ మని వినిపించేదాకా నొక్కండి. తర్వాత మిగిలిన రెండు. ఇప్పుడు బోర్డు వెనక చూస్తే తెల్లటి కాళ్లు విచ్చుకుని మధ్యలోంచి నల్ల పుల్ల బయటికి రావాలి. నాలుగింటిలో ఒక్కటి పట్టకపోయినా కూలర్ ఆ మూల లేచి ఉంటుంది, పేస్టు ఎంత మంచిదైనా వృథా. బోర్డు డబ్బాలో ఉండగా వెనక్కి చూడటం కుదరదు. ప్లాస్టిక్ పెళుసెక్కిన పాత కూలర్ అయితే ఓపిక చేసుకుని బోర్డును బయటికి తీసి బిగించడమే నా సలహా. పిన్ను విరిగితే పిన్నులు విడిగా దొరుకుతాయి, కూలర్ మొత్తం మార్చక్కర్లేదు. మార్చాల్సి వస్తే సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) చూసుకుని కొనండి: 775 సాకెట్‌కు రంధ్రాల మధ్య దూరం 72 మిల్లీమీటర్లు, 1155కు 75. ఒకదానిది మరొకదానికి పట్టదు.

ఫ్యాన్ తీగను సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే తగిలించి, రెక్కలకు తగలకుండా మడిచి కట్టండి. ఆన్ చేసి మొదటి నిమిషం ఫ్యాన్ తిరుగుతోందో లేదో కళ్లతో చూడండి. తర్వాత కాగితం తీసి అదే బెంచ్‌మార్క్, అదే పదిహేను నిమిషాలు. ఈసారి గది ఉష్ణోగ్రతను తీసేసి తేడాను పోల్చండి. ముందు గది 34, ప్రాసెసర్ 92 అయితే తేడా 58. ఇప్పుడు గది 37, ప్రాసెసర్ 75 అయితే తేడా 38. పని కుదిరినట్టు.

డబ్బాలో గాలి దారి

ప్యానెల్ తీసినప్పుడు బాగా తగ్గినవాళ్లకే ఇది. చల్లగాలి ముందు కింది నుంచి రావాలి, వేడిగాలి వెనక పైనుంచి పోవాలి. ఒక్క ఫ్యాన్ మాత్రమే పెట్టే వీలుంటే వెనక, బయటికి ఊదేలా పెట్టండి. గాలి ఏ వైపు పోతుందో చట్రం మీద చిన్న బాణం ఉంటుంది. లేకపోతే, రెక్కలకు అడ్డంగా ప్లాస్టిక్ కాళ్లు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది.

పాత క్యాబినెట్ల పక్క ప్యానెల్‌కు లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం కనిపిస్తుంది, అడ్డంగా ఉందని చాలామంది తీసి పారేస్తారు. అలంకారం కోసం పెట్టింది కాదు అది. కూలర్‌కు అందే గాలి 38 డిగ్రీల దగ్గర ఉండేలా చూడాలన్న ఇంటెల్ లెక్కతో వచ్చిన ఏర్పాటు, బయటి గాలిని తిన్నగా ప్రాసెసర్ మీదికి తెస్తుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గదే 40 దగ్గర ఉంటుంది కాబట్టి మనకు ఆ గొట్టం మరీ అవసరం. పగిలితే అట్టముక్కతోనైనా చేసుకోండి.

ప్యానెల్ శాశ్వతంగా తీసేసి వాడొచ్చా అని అడుగుతారు. నాలుగు రోజులు సరే. ఆ తర్వాత దుమ్ము రెట్టింపు వేగంతో పడుతుంది, బల్లులు దూరతాయి, ఇంట్లో చిన్నపిల్లలుంటే అది మరో ప్రమాదం.

హార్డ్ డిస్కునూ ఒకసారి చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో దాని ఉష్ణోగ్రత చూపిస్తుంది, 50 లోపు ఉంచడం మంచిది. రెండు డిస్కులు ఒకదానిపై ఒకటి ఆనించి ఉంటే మధ్యలో ఒక అర ఖాళీ వదలండి.

పని భారం తగ్గించడం

టాస్క్ మేనేజర్‌లో ఏమీ చేయనప్పుడు కూడా ప్రాసెసర్ 100 శాతం చూపిస్తుంటే ముందు ఆ ప్రోగ్రాము సంగతి చూడండి. దొంగతనంగా చేరిన మైనింగ్ వైరస్ కావచ్చు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతానికి తగ్గిస్తే ఐ5లలో టర్బో (అవసరమైనప్పుడు మామూలు కంటే వేగం పెంచుకునే ఏర్పాటు) ఆగి కొన్ని డిగ్రీలు దిగుతుంది. ఐ3-2100కు, కోర్ 2లకు టర్బో లేదు కాబట్టి వాటిలో 80 శాతానికి తగ్గిస్తేనే తేడా తెలుస్తుంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి టైపింగుకూ ఇంటర్నెట్‌కూ మాత్రమే వాడే యంత్రంలో లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ లాంటి తేలికైనది వేసుకుంటే భద్రతకు భద్రత, ప్రాసెసర్‌కు ఊపిరి.

మీరు చేయకూడనిది, ఇక చేయలేనిది

పవర్ సప్లై డబ్బాను విప్పకండి. అందులోని పెద్ద కెపాసిటర్లలో (కరెంటు నిల్వ చేసుకునే భాగాల్లో) సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. బయటి జాలీలోంచి బ్లోయర్ కొట్టడం వరకే మన పని. దాని ఫ్యాన్ తిరగకపోయినా, కాలిన వాసన వచ్చినా మార్చేయండి. పాత క్యాబినెట్లలో పైనున్న పవర్ సప్లై ఫ్యానే లోపలి వేడిగాలిని బయటికి లాగుతుంది కాబట్టి దాన్ని మార్చాక ప్రాసెసర్ ఉష్ణోగ్రత కూడా తగ్గడం మామూలే.

చివరగా టార్చి వేసి ప్రాసెసర్ చుట్టూ ఉన్న స్తూపాల్లాంటి కెపాసిటర్ల తలలు చూడండి. తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డు వేడికి లోనైంది, పేస్టూ ఫ్యాన్లూ దాన్ని కాపాడలేవు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది ఇంజనీర్లు వాడే లెక్క. ఇంకా ఉబ్బని బోర్డును చల్లగా ఉంచడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. ఉబ్బినవి ఒకటి రెండే అయితే టంకం పని తెలిసిన మెకానిక్ మార్చగలడు. అదే మైక్రోఫారడ్ విలువ, అంతే లేదా అంతకంటే ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీలవి, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్న) రకం వేయమని చెప్పండి. అయిదారు ఉబ్బితే ఆ ఖర్చు బోర్డుకు దండగ. హార్డ్ డిస్కు తీసి, యూఎస్‌బీ కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఫొటోలూ ఫైళ్లూ ఈరోజే కాపీ చేసుకోండి.